మెయింటెనెన్స్ బిల్లు తప్పుగా వస్తే

ఒకటో తారీఖున జీతం పడుతుంది. ఐదో తారీఖులోపు ఇంటి ఈఎంఐ, స్కూల్ వ్యాను, కరెంటు బిల్లు, ఆ వెనకే ఫోనులో మోగే మెయింటెనెన్స్ బిల్లు. ఆఫీసు లిఫ్టులో నిలబడి చూస్తాం. పోయిన నెల కంటే ఎనిమిది వందలో, వెయ్యో ఎక్కువున్నట్టు అనిపిస్తుంది. ఎవరిని అడగాలో తెలీదు, అడిగే తీరికా ఉండదు, బటన్ నొక్కి కట్టేస్తాం. తప్పు లెక్క ఒకసారి సాఫ్ట్‌వేర్‌లో పడితే ప్రతి నెలా అదే వస్తుంది. ఏడాది పోయాక అడిగితే, "ఇన్నాళ్లూ ఏమీ అనకుండా కట్టారు కదండీ" అనే మాట సిద్ధంగా ఉంటుంది.

ఈ విషయంలో నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. తప్పున్న వరుసను పట్టుకుని, మిగతా డబ్బు గడువులోపు కట్టేసి, అడగాల్సింది రాతలో అడిగినవాళ్లకే పని త్వరగా అవుతుంది. బిల్లు మొత్తం ఆపేశారంటే మర్నాటి నుంచి మీరు డిఫాల్టర్. నోటీసు బోర్డు మీద మీ ఫ్లాటు నంబరు ఎక్కుతుంది, మీరు వేసిన ప్రశ్న ఎవరికీ గుర్తుండదు.

ముందు బిల్లు పైభాగం చూడండి. అది ఎవరి పేరు మీద వచ్చింది? హైదరాబాద్‌లో నల్లగండ్ల, నార్సింగి, కోకాపేట వైపు కొత్తగా తాళాలిచ్చిన గేటెడ్ కమ్యూనిటీల్లో మొదట్లో బిల్డరో, బిల్డర్ పెట్టిన ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ కంపెనీయో బిల్లు వేస్తుంది. తర్వాత నిర్వహణ ఓనర్ల అసోసియేషన్ చేతికి వస్తుంది. అప్పుడూ అదే కంపెనీ, అదే ఎస్టేట్ మేనేజరు, అదే సెక్యూరిటీ ఉండొచ్చు గానీ బిల్లు వేసే అధికారం అసోసియేషన్‌ది అవుతుంది. విజయవాడ, గుంటూరు, రాజమండ్రిలోని ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల కంపెనీ అన్న మాటే లేదు. ట్రెజరర్ గారు రసీదు పుస్తకంలో రాసిస్తారు, లేదా వాట్సాప్‌లో "అందింది" అని పెడతారు. బిల్లు వేసిందెవరో తేలితే జీఎస్టీ వర్తిస్తుందా లేదా అన్నదీ, పరిస్థితి ముదిరితే ఎక్కడికి వెళ్లాలన్నదీ తేలిపోతుంది. ఈ ఒక్క సంగతి చూసుకోక తప్పు చోట ఫిర్యాదు పెట్టి నెలల తరబడి తిరిగేవాళ్లున్నారు.

ఒక బిల్లు తీసుకుని చూద్దాం. అసోసియేషన్ పేరు మీద వచ్చిన బిల్లే అనుకుందాం. ఎస్‌ఎఫ్‌టీకి మూడున్నర రూపాయలు, ఫ్లాటు 1,540 ఎస్‌ఎఫ్‌టీ, మెయింటెనెన్స్ రూ.5,390. దాని కింద 18 శాతం జీఎస్టీ రూ.970.20. మొత్తం రూ.6,360.20. చూడ్డానికి ఏ లోపమూ కనపడదు. రిజిస్ట్రేషన్ దస్తావేజు తీసి చూస్తే ఫ్లాటు 1,450 ఎస్‌ఎఫ్‌టీ. డేటా ఎంట్రీ చేసిన కుర్రాడు నాలుగుకీ ఐదుకీ తావులు మార్చాడు, అంతే. నిజమైన చందా రూ.5,075. అసోసియేషన్ లాభాపేక్ష లేనిది కాబట్టి, చందా ఆ స్థాయిలో ఉన్నప్పుడు జీఎస్టీ అసలు పడకూడదు. అంటే నెలకు రూ.1,285.20 ఎక్కువ, ఏడాదికి పదిహేను వేల నాలుగు వందల పైచిలుకు. ఇందులో మోసం లేదు, దురుద్దేశం లేదు. ఒక అంకె తప్పు, ఒక టిక్కు తప్పు. బిల్లుల్లో కనపడే తప్పుల్లో చాలా భాగం ఇలాంటివే అని నా నమ్మకం. అందుకే మొదటి మాటే ఆరోపణగా ఉండకూడదు.

జీఎస్టీ సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు ఇక్కడే పోతుంది. అసోసియేషన్ తన సభ్యుల దగ్గర నెలకు ఒక్కొక్కరికి రూ.7,500 దాకా వసూలు చేసే మెయింటెనెన్స్‌కు మినహాయింపు ఉంది. అంతకుముందు ఇది రూ.5,000గా ఉండేది, 2018 జనవరిలో పెంచారు. అసోసియేషన్ వార్షిక వసూళ్లు రూ.20 లక్షలు దాటకపోతే, నెల చందా రూ.7,500 మించినా జీఎస్టీ ఉండదు. రెండు పరిమితులూ దాటితేనే పన్ను. రెండు ఫ్లాట్లున్నవారికి ఈ రూ.7,500 ఏ ఫ్లాటుకు ఆ ఫ్లాటుకే లెక్క. చందా రూ.9,000 అయితే పన్ను మొత్తం మీదా, పైనున్న పదిహేను వందల మీదా అన్నది పెద్ద వివాదం. కేంద్ర పన్నుల బోర్డు 2019 జులైలో ఇచ్చిన సర్క్యులర్ మొత్తం మీద అంది, అలాగైతే రూ.1,620. మద్రాసు హైకోర్టు 2021లో ఆ మాట కొట్టేసి, రూ.7,500కు పైనున్న దాని మీదే అంది, అలాగైతే రూ.270. ఎందుకొచ్చిన ఇబ్బందని మొత్తం మీదే వసూలు చేసే అసోసియేషన్లు ఉన్నాయి. మీదీ అలాంటిదైతే, ఆడిటర్ ఏ ఆధారంతో అలా చెప్పారో ట్రెజరర్ గారిని రాతలో అడగండి. ఈ మినహాయింపు అసోసియేషన్లకే. బిల్డరో, కంపెనీయో తన సొంత ఖాతాలోకి నేరుగా బిల్లు వేస్తే మొదటి రూపాయి నుంచీ 18 శాతం పడుతుంది, అక్కడ రూ.7,500 పేరెత్తి లాభం లేదు.

పన్ను వేసినవారి జీఎస్టీ నంబరు బిల్లు మీద ఉండాలి. పదిహేను అక్షరాల ఆ నంబరు తెలంగాణదైతే 36తో, ఆంధ్రప్రదేశ్‌దైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే అది ఎవరి పేరున ఉందో, ఇప్పుడు నడుస్తోందో రద్దయిందో ఎవరైనా చూసుకోవచ్చు. నంబరు లేకుండా "జీఎస్టీ" అని వరుస కనపడితే ఆ డబ్బు ఎక్కడికి పోతోందో అడిగి తీరాలి. పన్ను పేరుతో వసూలు చేసిన ప్రతి రూపాయీ ప్రభుత్వానికి కట్టి తీరాల్సిందేనని చట్టం.

ఇక జనరేటర్, నీళ్లు. జనరేటర్ (డీజీ) యూనిట్ల మీద అనుమానమొస్తే తేల్చుకోవడం తేలిక. కరెంటు పోని ఒక రోజు చూసుకుని పొద్దున, రాత్రి మీటరులో డీజీ అంకెను ఫోనుతో ఫొటో తీయండి. కరెంటు పోకపోయినా ఆ అంకె కదిలిందంటే మీటరులోనో వైరింగులోనో లోపముంది, ఎలక్ట్రీషియన్ వచ్చి చూడాల్సిందే. బిల్డింగు మొత్తానికి డిస్కం నుంచి ఒకే కనెక్షన్ ఉంటే, 2024 ఫిబ్రవరిలో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం ఫ్లాటులో వాడుకున్న కరెంటు, బ్యాకప్ కరెంటు, ఉమ్మడి వాడకం మూడింటికీ విడివిడిగా మీటరు, విడివిడిగా బిల్లు ఉండాలి. ఒకే వరుసలో "ఎలక్ట్రిసిటీ" అని కలిపి వేస్తే విడగొట్టి ఇమ్మని అడగొచ్చు. నీళ్ల మీటరైతే ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి మీటరు దగ్గర కాసేపు నిలబడండి. చిన్న చక్రం ఇంకా తిరుగుతుంటే మీ ఇంట్లోనే ఎక్కడో లీకు ఉంది. అప్పుడు బిల్లు నిజమే కావచ్చు, ప్లంబర్ని పిలవాలి.

హైదరాబాద్‌వాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. 2021 జనవరిలో జీహెచ్‌ఎంసీ పరిధిలో మొదలైన ఉచిత నీటి పథకంలో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. అపార్ట్‌మెంట్లకు జలమండలి ఒకే బల్క్ కనెక్షన్ ఇచ్చినా, ఎన్ని ఫ్లాట్లవాళ్లు తమ ఆధార్‌ను నీటి కనెక్షన్ ఖాతా (క్యాన్) నంబరుకు జతచేస్తే అన్నింటికే ఆ లెక్క. మీరు జతచేసి ఉండి, సగం ఫ్లాట్లు చేయకపోతే, వాళ్లకు పడిన నీటి బిల్లు అందరికీ సమానంగా పంచేసి మీ మీదా వేసే ప్రమాదముంది. జలమండలి బిల్లు కాపీ అడిగి, ఎన్ని ఫ్లాట్లకు మినహాయింపు వచ్చిందో చూడండి. మీది అందులో లేకపోతే ముందు ఆ పని చేసుకోండి.

ఎండాకాలంలో అసలు కథ ట్యాంకర్లది. బిల్లులో "వాటర్ ట్యాంకర్స్" అని ఒక్క అంకె ఉంటుంది, అది ఏప్రిల్, మే నెలల్లో రెండింతలు, మూడింతలు అవుతుంది. దీన్ని సరిచూడాలంటే గేటు దగ్గరి రిజిస్టరు కంటే మంచి సాక్ష్యం లేదు. ట్యాంకరు లోపలికి వచ్చినప్పుడు సెక్యూరిటీ అతను తారీఖు, టైము, బండి నంబరు రాసి డ్రైవరు సంతకం తీసుకుంటాడు. ఆదివారం పొద్దున ట్రెజరర్ గారితో చెప్పి, ఆయన ఎదుటే ఆ నెల పేజీలు తిప్పి ట్రిప్పులు లెక్కపెట్టండి. తర్వాత సరఫరాదారు ఇచ్చిన బిల్లు పక్కన పెట్టండి. రిజిస్టరులో ఎనభై ఉండి బిల్లులో నూట పది ఉంటే ఇక మీరు మాట్లాడనక్కర్లేదు, కాగితాలే మాట్లాడతాయి. ఐదు వేల లీటర్ల బండికి పదివేల లీటర్ల రేటు పడిందేమో కూడా చూడండి. ఒక్కమాట: రిజిస్టరు అడిగేటప్పుడు సెక్యూరిటీ అతన్ని ఇరుకున పెట్టకండి. ఎండలో పన్నెండు గంటలు నిలబడే మనిషి అతను, ఆ లెక్కతో అతనికి సంబంధం లేదు, మీ గొడవలో అతని ఉద్యోగం పోకూడదు.

కొత్త ప్రాజెక్టుల్లో మరో తరహా తప్పు ఉంటుంది. రిజిస్ట్రేషన్ నాడే ఏడాదికో రెండేళ్లకో మెయింటెనెన్స్ ముందుగా తీసుకుంటారు, కార్పస్ ఫండ్ వేరే తీసుకుంటారు. ఆ గడువు పూర్తికాకముందే మళ్లీ నెలవారీ బిల్లు మొదలవుతుంది. లేదంటే తాళాలు ఇవ్వని నెలలకు కూడా లెక్క వేస్తారు. రెరా చట్టం, 2016లోని 11వ సెక్షన్ ప్రకారం అసోసియేషన్ చేతికి అప్పగించేదాకా అవసరమైన సేవలు సమంజసమైన ఛార్జీలకు అందించే బాధ్యత బిల్డర్‌ది. మీ వాటా కట్టే బాధ్యతను 19వ సెక్షన్ మీ మీద కూడా పెట్టింది, అది మరిచిపోకండి. అగ్రిమెంటు, ముందుగా కట్టిన రసీదు, తాళాలిచ్చిన రోజు లెటరు ఈ మూడూ పక్కపక్కన పెడితే ఏ నెల నుంచి బిల్లు మొదలవ్వాలో తేలుతుంది. అమ్ముడుపోని ఫ్లాట్ల మెయింటెనెన్స్ వాటా లెక్కల్లో ఎక్కడ చూపించారో కూడా అడగండి. ఆ వాటా కనపడకపోతే ఆ ఖర్చు మిగతావాళ్ల మీద పడుతోందేమో అన్న అనుమానం సహజం.

ఇప్పుడు ఉత్తరం. ఫోనులో చెప్పి ఊరుకుంటే చెప్పినట్టు లెక్క కాదు. మేనేజర్ మారతాడు, కమిటీ మారుతుంది. భోజనం టైములో పావుగంట చాలు, ఈమెయిల్ ఇలా రాయండి:

"ఎస్టేట్ మేనేజర్ గారికి నమస్కారం. మా ఫ్లాటు జూన్ నెల బిల్లులో రెండు వరుసల మీద అభ్యంతరం ఉంది. ఒకటి, విస్తీర్ణం 1,540 ఎస్‌ఎఫ్‌టీగా వేశారు. రిజిస్ట్రేషన్ దస్తావేజులో 1,450 ఉంది, ఆ పేజీ జతచేశాను. రెండు, జీఎస్టీ కింద రూ.970.20 వేశారు, అసోసియేషన్ నెల చందా రూ.7,500 లోపు ఉండగా ఇది ఏ ఆధారంతో వేశారో తెలపగలరు. నా లెక్క ప్రకారం కట్టాల్సింది రూ.5,075. ఆ మొత్తం ఈరోజు బ్యాంకు ద్వారా పంపాను. దీన్ని జూన్ మెయింటెనెన్స్ కిందే జమ చేయాలి, మరే బాకీకీ పెనాల్టీకీ సర్దవద్దు. మిగిలిన రూ.1,285.20 గురించి పదిహేను రోజుల్లో రాతలో జవాబు ఇవ్వగలరు. అప్పటిదాకా దాని మీద పెనాల్టీ వేయవద్దని మనవి."

ఇందులో "జూన్ మెయింటెనెన్స్ కిందే జమ చేయాలి" అన్న వాక్యం చాలా విలువైనది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు మీరు కట్టిన డబ్బును మామూలుగా ముందు పాత బాకీకి, పెనాల్టీకి సర్దుకుంటాయి. అలా సర్దుకుంటే మీరు వివాదం పెట్టిన మొత్తం మీ డబ్బుతోనే తీరిపోయి, ఈ నెల చందా బాకీగా మిగులుతుంది, దాని మీద మళ్లీ పెనాల్టీ పరుగు మొదలవుతుంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 59వ సెక్షన్ ప్రకారం డబ్బు కట్టేవాడు అది ఏ బాకీ కిందకో చెప్పి కడితే, తీసుకున్నవాడు దాన్ని ఆ బాకీకే జమ చేయాలి. చెప్పకపోతే తర్వాతి సెక్షన్ ప్రకారం తీసుకున్నవాడి ఇష్టం. యాప్‌లో కొంత మొత్తం కట్టే వీలు లేకపోతే నేరుగా అసోసియేషన్ ఖాతాకు నెఫ్ట్ చేసి, వివరం గడిలో ఫ్లాటు నంబరు, నెల రాసి, యూటీఆర్ నంబరు ఈమెయిల్‌లో పెట్టండి. మొత్తం కట్టక తప్పని పరిస్థితి వస్తే, "అభ్యంతరం తెలుపుతూ కడుతున్నాను" అని రాసి కట్టండి. ఆటోపే పెట్టుకుని ఉంటే వివాదం తేలేదాకా ఆపేయండి.

పెనాల్టీ వరుసనూ వదలొద్దు. నెలకు 2 శాతం అంటే చిన్నగా వినపడుతుంది గానీ ఏడాదికి 24 శాతం. అది బైలాస్‌లో ఉందా, జనరల్ బాడీ తీర్మానంలో ఉందా, అసలు మీద మాత్రమేనా, పాత పెనాల్టీ మీద కూడానా? బైలాస్ ఇవ్వమంటే ఇవ్వకపోతే, సొసైటీల రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలైన ప్రతికి నకలు తీసుకోవచ్చు. సమాచార హక్కు కింద అసోసియేషన్‌కు దరఖాస్తు పెట్టి మాత్రం కూర్చోకండి, అది ప్రభుత్వ సంస్థ కాదు.

వాట్సాప్ గ్రూపు గురించి నా సలహా కటువుగానే ఉంటుంది. "మీ బిల్లులోనూ ఈ వరుస వచ్చిందా?" అని అడగడానికి గ్రూపు పనికొస్తుంది. "తినేస్తున్నారు" అని రాయడానికి పనికిరాదు. ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్ చాలాచోట్ల మీలాగే ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు ఈ పని నెత్తిన వేసుకున్నవాళ్లు. ఒక్క నింద పడిందా, లెక్క పక్కకు పోయి పరువు ముందుకొస్తుంది. ఒకే తప్పు పది ఫ్లాట్లకు వచ్చిందని తేలితే పదిమందీ సంతకాలు పెట్టి ఒకే లేఖ ఇవ్వండి. దానికి వచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

బెదిరించడానికి నీళ్లో కరెంటో ఆపుతామంటే వెనక్కి తగ్గకండి. కరెంటు కనెక్షన్ తీసే అధికారం డిస్కందే. తనకు రావాల్సిన బాకీ కోసం కూడా అది పదిహేను రోజుల ముందు రాతలో నోటీసు ఇవ్వాలని విద్యుత్ చట్టం, 2003లోని 56వ సెక్షన్ చెబుతోంది. కరెంటు కనీస అవసరమని, ఇంటి యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు దాన్ని నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. నిజంగా ఆపితే అదే రోజు ఫొటోలు, టైముతో సహా రాతలో ఫిర్యాదు చేయండి. కరెంటు విషయమైతే డిస్కంకు కూడా. జనరేటర్ బ్యాకప్, క్లబ్‌హౌస్ వేరే సంగతి; బైలాస్‌లో ఉంటే బాకీదారుకు అవి ఆపే వీలుండొచ్చు.

పదిహేను రోజులకూ జవాబు రాకపోతే రెండో లేఖ కమిటీ మొత్తానికి, స్పీడ్ పోస్టులో. అప్పటికీ కదలకపోతే ఎటు వెళ్లాలన్నది బిల్లు వేసినవారిని బట్టి. బిల్డర్ అయితే తెలంగాణ రెరాకో, ఆంధ్రప్రదేశ్ రెరాకో 31వ సెక్షన్ కింద ఫిర్యాదు. డబ్బు తీసుకుని సేవ చేసే కంపెనీయో బిల్డరో అయితే జిల్లా వినియోగదారుల కమిషన్. సేవకు కట్టిన మొత్తం రూ.5 లక్షలలోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, తప్పు జరిగిన రెండేళ్లలోపు వేయాలి. 2019 చట్టం వచ్చాక మీరు ఉంటున్న చోటో, ఉద్యోగం చేస్తున్న చోటో వేసుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు. అంతకంటే ముందు 1915కు ఫోన్ చేసి నమోదు చేయించండి. చాలా కంపెనీలు ఆ దశలోనే దారికొస్తాయి. సభ్యుడికీ అసోసియేషన్‌కీ మధ్య తగువైతే, ఆ అసోసియేషన్ 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉంటే, 23వ సెక్షన్ కింద ఆర్బిట్రేషన్‌కో జిల్లా కోర్టుకో వెళ్లొచ్చు. నెలకు మూడు వందల తేడాకు కోర్టు దాకా వెళ్లమని నేను చెప్పను. జనరల్ బాడీలో ఆడిట్ లెక్కలు చేతిలో పట్టుకుని లేచి అడగడం అంతకంటే బాగా పనిచేస్తుంది.

అద్దెకుండేవాళ్లకు ఓటు లేదు, సభ్యత్వం లేదు. మెయింటెనెన్స్ ఎవరు కట్టాలో అగ్రిమెంటులో ఉందో లేదో చూసుకోండి. తప్పు కనపడితే ఓనరుకు రాసి, ఆయన తరఫున మాట్లాడేందుకు చిన్న ఆథరైజేషన్ లెటరు తీసుకోండి. డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉండి ఇక్కడ ఫ్లాటు ఉన్నవాళ్లు కూడా అమ్మానాన్నలకో, అద్దెదారుకో అలాంటి ఈమెయిల్ ఒకటి ఇచ్చి ఉంచితే మంచిది. పెద్దవాళ్లను ఎస్టేట్ ఆఫీసు చుట్టూ తిప్పడం న్యాయం కాదు. కొత్తగా దిగేటప్పుడు పాత బాకీ లేదని నో డ్యూస్ లెటరు చేతికి తీసుకున్నాకే సామాను దించండి. ముందున్నవాళ్ల అరియర్స్ మీ మొదటి బిల్లులో తేలితే, ఆ లెటరు లేనిదే మీ మాట నిలబడదు.

తప్పు ఒప్పుకున్నాక "వచ్చే నెల సర్దుతాం" అంటారు. దానికి క్రెడిట్ నోట్ అడగండి, ఏ నెల నుంచి ఏ నెల దాకా ఎంత అన్నది అందులో ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లో విస్తీర్ణం 1,450గా మార్చిన స్క్రీన్‌షాట్ తీసుకోండి, జీఎస్టీ టిక్కు తీసేశారో లేదో చూడండి, వేసిన పెనాల్టీ కూడా వెనక్కి తీయించండి. కమిటీ మారి కొత్త కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చినప్పుడు పాత తప్పుడు డేటానే మళ్లీ ఎక్కిస్తారు. ఆ నెల బిల్లు మాత్రం కట్టే ముందు వరుస వరుసా చదవండి.